తెలుగు సాహిత్య పరిశోధనలో కృత్రిమ మేధ సాధనాలు: ఆధార ప్రామాణ్య దృష్టితో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అడిగిన ప్రశ్నకు వాక్యరూపంలో సమాధానమిచ్చే కృత్రిమ మేధ సాధనాలు విశ్వవిద్యాలయ పరిశోధనలోకి ప్రవేశించాయి. వీటిపై తెలుగు శాఖల్లో జరుగుతున్న చర్చ ‘వాడవచ్చా, వాడకూడదా’ అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువగా ఆగిపోతోంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పక్కన పెట్టి, తెలుగు సాహిత్య పరిశోధనలో ఆధారం అనదగినది ఏది, ఆ ఆధారాన్ని ఈ సాధనాలు ఎక్కడ చేరువ చేస్తాయి, ఎక్కడ చెరుపుతాయి అన్న విషయాలను పరిశీలిస్తుంది. ఆకరాల సేకరణ, పాఠ పరిష్కరణ, కర్తృత్వ కాలనిర్ణయ వివాదాలు, ఛందోవిశ్లేషణ, క్షేత్ర పరిశోధన, సాదృశ్య పరీక్ష అనే అంశాలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: కృత్రిమ మేధ, భాషా నమూనా, ఆకరాలు, పాఠ పరిష్కరణ, మాండలికం, గ్రంథచౌర్యం, పరిశోధన నైతికత.

1. ఉపోద్ఘాతం:

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత అలాంటి సాధనాలు మరికొన్ని వచ్చాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే సమాధానం ఇవ్వగలగడం వల్ల ఇవి మన శాఖలకు కూడా త్వరగానే చేరాయి. అధ్యాయ విభజన మొదలుకొని సిద్ధాంత వ్యాసానికి ముందుమాట వరకు వీటితో రాయించుకొనే అవకాశం ప్రతి పరిశోధకుని చేతిలోని ఫోనులో ఉంది. ఈ స్థితిలో నిషేధం గురించి మాట్లాడడం కాలయాపన మాత్రమే.

మొదట వీటివల్ల కలిగే మేలును నిజాయితీగా ఒప్పుకోవాలి. తెలుగు ఎం.ఏ. చదివి పరిశోధనలో చేరేవారిలో చాలామంది గ్రామాల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కినవారూ వారిలో తక్కువేమీ కాదు. బఖ్తిన్, ఫూకో, గాయత్రీ స్పివాక్ వంటి వారి రచనలు వీరికి రెండో చేతి సారాంశాల ద్వారా, ఒక్కోసారి మూడో చేతి ఉపన్యాసాల నోట్సు ద్వారా చేరేవి. స్త్రీవాదం మీద, దళితవాదం మీద, వలసానంతర విమర్శ మీద వచ్చిన మన సిద్ధాంత గ్రంథాల్లో మొదటి అధ్యాయాలు ఒకే అచ్చులో పోసినట్లు ఉండడానికి ఇదొక కారణం. ఇప్పుడు ఆంగ్లమూలాన్ని ఎదురుగా పెట్టుకొని, అర్థంకాని పేరాను ఒక్కొక్కటిగా తెలుగులో వివరించమని అడగవచ్చు. మూలం ఎదురుగా ఉన్నంతవరకు ఇది చదువుకు సాయమే. ఆంగ్లం బాగా వచ్చినవారు ‘ఈ సాధనాలు పరిశోధనను పాడుచేస్తాయి’ అని ఒక్క మాటలో తేల్చివేసేటప్పుడు, ఆ ద్వారం తమకు ఎప్పటినుంచో తెరిచే ఉందన్న సంగతి మరచిపోతున్నారు.

అయితే ఆంగ్లవ్యాసాన్ని అర్థం చేసుకోవడం వేరు, తెలుగు కావ్యాన్ని గురించి ప్రమాణంగా ఒక మాట చెప్పడం వేరు. రెండో పనిలో ఈ సాధనాల ప్రవర్తన పూర్తిగా భిన్నంగా ఉంటుంది. అందుకు కారణం వాటి నిర్మాణంలోనే ఉంది.

2. భాషా నమూనా స్వభావం – తెలుగు లిపి:

భాషా నమూనా గ్రంథాలయం కాదు, నిఘంటువు కాదు. అపారమైన పాఠ్యాన్ని గ్రహించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా కట్టే గణన వ్యవస్థ. దానికి అందిన పాఠ్యంలో ఆంగ్లానిదే పెద్దపీట. తెలుగు వాటా స్వల్పం. ఆ స్వల్పభాగంలో కూడా వెబ్ మీద దొరికే వార్తలు, వికీపీడియా వ్యాసాలు, సినిమా కబుర్లే ఎక్కువగా ఉండడం సహజం. ‘భారతి’ సంచికలు, పాత పీఠికలు, విశ్వవిద్యాలయాల ముద్రిత సిద్ధాంత గ్రంథాలు చాలావరకు పుటల ఛాయాచిత్రాలుగానే ఉన్నాయి. ఛాయాచిత్రంలో ఉన్న పుట అక్షరీకరణ జరిగేవరకు యంత్రం చదవగలిగే పాఠ్యం కాదు. అంటే మన పరిశోధనకు ఏవి ముఖ్యాకరాలో అవే ఆ నమూనాకు తక్కువగా తెలుసు.

మరో సాంకేతిక విషయం కూడా ఉంది. ఈ వ్యవస్థలు పాఠ్యాన్ని అక్షరాలుగా కాక టోకెన్లు అనే తునకలుగా తీసుకుంటాయి. ‘సత్యము’ అన్న మాట ఛందశ్శాస్త్రానికి మూడక్షరాలు. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. తునకలు చేసే పద్ధతి ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకొని తయారైతే, తెలుగు వాక్యం పొడిపొడిగా రాలిపోతుంది. 2024 మే నెలలో జీపీటీ-4ఓ నమూనాను విడుదల చేస్తూ ఓపెన్ ఏఐ సంస్థ ఇచ్చిన ఉదాహరణే చూడవచ్చు. ఒకే భావం గల పాఠ్యానికి పాత పద్ధతిలో ఆంగ్లంలో 27 తునకలు కాగా, తెలుగులో 159 అయ్యేవి. కొత్త పద్ధతిలో అవి వరుసగా 24, 45 అయ్యాయి. ఇది పెద్ద మెరుగుదలే. అయినా ఆ తునకల సరిహద్దులు మన అక్షర సరిహద్దులతో, సంధి స్థానాలతో కలవాలన్న నియమం ఏదీ లేదు. ఛందస్సు విషయంలో దీని పర్యవసానం ముందుముందు కనిపిస్తుంది.

3. లేని గ్రంథాలు, ఉన్నట్లు కనిపించే ఆకరాలు:

అందరికీ తెలిసిన దోషం ఇదే కనుక దీనిపై ఎక్కువ చెప్పనవసరం లేదు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ న్యాయస్థానం, చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను ఉదాహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. న్యాయస్థానంలో ఎదుటి పక్షం ఉంటుంది. లేని తీర్పును ఎప్పటికైనా వెతుకుతుంది. సిద్ధాంత గ్రంథం చివరనున్న ఉపయుక్త గ్రంథసూచిని వెతికే ఎదుటి పక్షం మనకు లేదు. మన సమస్య అక్కడ ఉంది.

రచయిత పేరు, గ్రంథం పేరు, ప్రచురణ సంస్థ, ఊరు, సంవత్సరం అనే ఐదింటినీ పొందికగా అమర్చడం భాషా నమూనాకు సులువైన పని. విడివిడిగా ఆ ఐదూ నిజమే కావచ్చు. కలిసినప్పుడు మాత్రం ఆ పుస్తకం ఉండదు. ఇలాంటి వాటిని పట్టుకోవడానికి మన రంగపు చరిత్రజ్ఞానమే మొదటి సాధనం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1983లో రద్దయింది. తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడింది. కాబట్టి ఆ అకాడమీ 1992లో ప్రచురించినట్లు ఒక గ్రంథం జాబితాలో కనిపిస్తే, ఏ కంప్యూటరూ లేకుండానే అనుమానించవచ్చు. తెలుగు అకాడమీ స్థాపన 1968లో జరిగింది. 1960 నాటి ముద్రణకు దాని పేరు తగిలిస్తే అది కల్పన. ఒక పరిశోధక విద్యార్థి అధ్యాయ ముసాయిదాలో ఇటువంటి ఆకరం ఒకటి ఈ వ్యాసకర్త దృష్టికి వచ్చింది. విద్యార్థిని అడిగితే, ‘పుస్తకం దొరకలేదండి, విషయం మాత్రం సరిగ్గానే ఉంది కదా’ అన్న సమాధానం వచ్చింది. ఆ సమాధానంలోని అమాయకత్వమే భయపెట్టేది. విషయం సరిగ్గా ఉందని తెలిసింది దేనివల్ల? లేని పుస్తకం వల్ల కాదు గదా.

ఉన్న గ్రంథాల విషయంలో కూడా ఇంతకంటే సూక్ష్మమైన గందరగోళం ఉంటుంది. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లోనూ, బాగా పెంచి మార్చిన రెండో కూర్పు 1909లోనూ వెలువడ్డాయి. మొదటిదానిలో ఐదంకాలు, రెండోదానిలో ఏడు. మనం సాధారణంగా చదివేది, చర్చించేది, ప్రదర్శించేది రెండో కూర్పునే. కాబట్టి మొదటి కూర్పులో మధురవాణి పాత్రను గురించి అడిగితే, రెండో కూర్పులోని మధురవాణి వచ్చి సమాధానంలో కూర్చోవడానికే అవకాశం ఎక్కువ. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’. ఎర్రన ‘హరివంశం’, నాచన సోముని ‘ఉత్తర హరివంశం’. కాళిదాసు ‘కుమారసంభవం’, నన్నెచోడుని ‘కుమారసంభవం’ – ఇలా పేర్లు దగ్గరగా ఉన్నచోటల్లా ఈ ప్రమాదం ఉంది. గ్రంథం ఉంది, రచయిత ఉన్నాడు, చెప్పిన లక్షణం కూడా ఎక్కడో ఉంది. కానీ ఆ లక్షణం ఆ గ్రంథానిది కాదు. లేని పుస్తకాన్ని గ్రంథాలయ సూచిక పట్టిస్తుంది. ఈ తప్పును పట్టించేది మూలపఠనం ఒక్కటే.

4. వివాదాల చదును:

తెలుగు సాహిత్య చరిత్రలో నిర్ణయాల కంటే వివాదాలకే ఎక్కువ విలువ ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1909లో మానవల్లి రామకృష్ణకవి ‘కుమారసంభవా’న్ని వెలుగులోకి తెచ్చి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించినప్పుడు మొదలైన చర్చ, ఒక కవి కాలాన్ని మాత్రమే తేల్చడానికి సాగలేదు. శాసనాలను ఎలా చదవాలి, భాషాప్రయోగాలను బట్టి కాలం చెప్పవచ్చా, ఛందోరీతి ప్రమాణమవుతుందా, ఒకే రాతప్రతి మీద ఎంత భారం మోపవచ్చు అన్న ప్రశ్నలన్నింటినీ ఆ చర్చ మనకు నేర్పింది. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధం. వేటూరి ప్రభాకరశాస్త్రి అది శ్రీనాథుని రచన అని వాదించారు. పోతన నివాసం ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరా, కడప ప్రాంతపు ఒంటిమిట్టా అన్న చర్చలో సాహిత్యాధారాలతో పాటు ప్రాంతాభిమానాలు కూడా పాలుపంచుకున్నాయి.

ఇలాంటి విషయంపై భాషా నమూనాను అడిగితే రెండు రకాల సమాధానాలు రావచ్చు. మొదటిది, ఎక్కువచోట్ల కనిపించిన అభిప్రాయాన్ని నిర్ణయంగా చెప్పడం. రెండోది, ‘కొందరు ఇలా అన్నారు, మరికొందరు అలా అన్నారు, ఏది ఏమైనా ఇది గొప్ప కావ్యం’ అనే సర్దుబాటు ధోరణి. మొదటిది తప్పని వెంటనే తెలుస్తుంది. రెండోది సమతూకంగా కనిపించి మోసగిస్తుంది. ‘కొందరు’ అంటే ఎవరు? వారి ఆధారం శాసనమా, రాతప్రతిలోని గద్యా, ఆశ్వాసాంత పద్యమా, లేక తరువాతి కవి చేసిన పూర్వకవి స్తుతిలో పేరు లేకపోవడమా? ఈ ఆధారాలకు సమానమైన బరువు లేదు. శాసనాన్ని, జనశ్రుతిని ఒకే తక్కెడలో పక్కపక్కన పెట్టి రెండు వాక్యాల్లో సర్దేస్తే, వివాదం పోయినట్లు కనిపిస్తుంది గాని నిజానికి పోయింది వివేచన.

ఒక విచిత్రం ఏమంటే, ఈ సర్దుబాటు శైలి మన పరిశోధనలో యంత్రాల కంటే ముందే ఉంది. పూర్వ పరిశోధనల సమీక్ష పేరుతో పది పేర్లు చెప్పి, ఎవరితోనూ విభేదించకుండా దాటిపోయే అధ్యాయాలు మనకు కొత్త కాదు. యంత్రం మన అలవాటును వేగవంతం చేసింది. అందుకే దాని రాతను గుర్తించడం మనకు కష్టమవుతోంది. అది మన రాతలాగే ఉంది.

5. పాఠ పరిష్కరణ – అక్షరీకరణ:

ముద్రిత పుట ఛాయాచిత్రం నుంచి అక్షరాలను గుర్తించి పాఠ్యంగా మార్చే సాధనాలు తెలుగుకు చాలా మేలు చేస్తున్నాయి. వందల పుటల కావ్యంలో ఒక పదం ఎన్నిచోట్ల వచ్చిందో వెతకడానికి పూర్వం నెలలు పట్టేది. పదప్రయోగ సూచికలు తయారుచేయడానికి పెద్దలు జీవితాలు ధారపోశారు. ఆ పని తేలికయితే సంతోషించాలి.

అయితే పాత ముద్రణల్లో అరసున్న, బండి ఱ, వలపలగిలక ఉంటాయి. అక్షర గుర్తింపులో మొదట జారిపోయేవి ఇవే. ఆధునిక పాఠకునికి ఇవి అలంకారాల్లా కనిపించినా, పరిశోధకునికి అర్థభేదకాలు. వీఁడు అంటే ఈ మనిషి. వీడు అంటే పట్టణం. కరి ఏనుగు, కఱి నలుపు. ఒత్తు అక్షరాలలో థ-ధల భేదం, గుణింతంలో ప-వల, మ-యల భేదం తారుమారు కావడం మామూలు. ఇవన్నీ చికాకు పెట్టే తప్పులే గాని ప్రమాదకరమైనవి కావు. ఎందుకంటే అవి తప్పుల్లాగే కనిపిస్తాయి. అర్థంలేని మాట పుటలో కనబడగానే కన్ను ఆగుతుంది, చేయి మూలప్రతి వైపు వెళుతుంది.

ప్రమాదం తరువాతి మెట్టులో ఉంది. ఇలా వచ్చిన దోషభూయిష్ఠమైన పాఠ్యాన్ని భాషా నమూనాకు ఇచ్చి ‘తప్పులు దిద్దు’ అంటే, అది అర్థవంతమైన పాఠ్యాన్ని తిరిగి ఇస్తుంది. దిద్దిన మాట ముద్రిత ప్రతిలోనిదా, యంత్రం ఊహించిందా అన్నది పుట చూస్తే తెలియదు. అరుదైన దేశ్యపదం స్థానంలో పరిచితమైన పదం వస్తుంది. పాత క్రియారూపం చోట వాడుకరూపం చేరుతుంది. పాఠ పరిష్కరణలో కష్టమైన పాఠాన్నే ముందుగా గౌరవించాలన్నది ఒక మూలసూత్రం. లేఖకులు కఠినమైన మాటను సులభం చేస్తారు గాని సులభమైన మాటను కఠినం చేయరన్న అనుభవం దాని వెనుక ఉంది. భాషా నమూనా స్వభావరీత్యా ఆ లేఖకుడే. ఎక్కువ సంభావ్యత గల మాటనే అది ఎన్నుకుంటుంది. తాళపత్ర లేఖకుడు ఒక ప్రతిని మార్చాడు. ఈ లేఖకుడు అందరి ప్రతులనూ ఒకే దిశలో మారుస్తాడు.

అర్థగ్రహణంలో కూడా ఇదే జరుగుతుంది. భారతంలో ఉద్యోగపర్వం కొలువుల గురించి కాదని మనకు తెలుసు. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. కంపు ఒకప్పుడు సువాసనకు కూడా చెల్లిన మాట. చీర అంటే వస్త్రం. స్త్రీలదే కానవసరం లేదు. అవసరం అంటే సమయం, సందర్భం. పద్యానికి తాత్పర్యం అడిగినప్పుడు నేటి వాడుక అర్థం పాత పద్యంలోకి ప్రవేశిస్తే, ఆ తాత్పర్యం చదవడానికి హాయిగానే ఉంటుంది. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’, ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ ఇప్పుడు అంతర్జాలంలోనే చూడవచ్చు. వాటిని తెరవడానికి పట్టే సమయం యంత్రాన్ని అడగడానికి పట్టే సమయం కంటే ఎక్కువేమీ కాదు.

6. ఛందోవిశ్లేషణ:

సాధన వివేకానికి ఛందస్సు మంచి ఉదాహరణ. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణాలు, పదో అక్షరం యతిస్థానం, ద్వితీయాక్షర ప్రాస నియమం. ఇవి స్పష్టమైన నియమాలు. నియమాలను సూత్రాలుగా రాసి, అక్షరాలను గురులఘువులుగా విభజించే కంప్యూటర్ ప్రోగ్రాములు తెలుగులో ఉన్నాయి. వాటికి పద్యం అర్థం కాదు. అయినా గణవిభజన సరిగ్గా చేస్తాయి. పొరపాటు జరిగితే ఎందుకు జరిగిందో నియమంలో వెతికి చూపవచ్చు.

భాషా నమూనా దీనికి విరుద్ధం. పద్యం గురించి అనర్గళంగా మాట్లాడుతుంది. ఉత్పలమాల లక్షణం అడిగితే చెప్పగలదు. కానీ ఇచ్చిన పాదంలో అక్షరాలు లెక్కించమంటే తడబడడానికి ఆస్కారం ఉంది. దానికి కనిపించేది అక్షరం కాదు, తునక. ‘సత్యము’లో సంయుక్తాక్షరానికి ముందున్న ‘స’ గురువవుతుందన్న సూత్రం తెలిసినా, ఆ సూత్రాన్ని అన్వయించవలసిన అక్షరం దాని ఎదుట అక్షరంగా ఉండకపోవచ్చు. యతిమైత్రి విషయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. అఖండ యతి, ప్రాదియతి వంటివి సంధి విడదీసి చూస్తేగాని తేలవు. కాబట్టి గణవిభజనకు నియమాధారిత సాధనం, భావచర్చకు మనిషి అన్నది సరైన పంపకం. ఇదంతా ఒక్క పేరుతో ‘కంప్యూటర్ చేసింది’ అని మన పరిశోధన పద్ధతుల అధ్యాయాల్లో రాయడం సరికాదు. ఏ సాధనమో పేరుతో చెప్పాలి.

7. క్షేత్ర పరిశోధన – మాండలిక స్వరం:

జానపద, గిరిజన, మాండలిక పరిశోధనల్లో విషయం మరీ సున్నితం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. తరువాత చేనేత పదాల సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి, రైతుల నోట, నేతగాళ్ల నోట విన్న మాటను విన్నట్లు రాసుకోవడం ఆ కృషికి పునాది. బిరుదురాజు రామరాజు జానపద గేయ సేకరణకూ అదే పునాది.

ఇప్పుడు మాటను విని రాతగా మార్చే సాధనాలు ఉన్నాయి. గంటల కొద్దీ రికార్డింగును కూర్చొని రాసుకోవడం ఎంత శ్రమో అనుభవించినవారికి ఇవి వరంలా కనిపిస్తాయి. కానీ వీటి శిక్షణలో ప్రామాణిక భాషకే ప్రాధాన్యం. తెలంగాణ వృద్ధురాలు ‘గిట్ల జేస్తున్న’ అంటే రాతలో ‘ఇట్లా చేస్తున్నాను’ అని రావచ్చు. రాయలసీమ రైతు ‘వస్తాండాడు’ అన్నది ‘వస్తున్నాడు’ కావచ్చు. ఉత్తరాంధ్ర మాటలోని ‘ఎల్లిపోనాడు’ ‘వెళ్ళిపోయాడు’గా మారవచ్చు. వార్తాపత్రికకు ఇది సవరణ. మాండలిక పరిశోధకునికి ఇది దత్తాంశ విధ్వంసం. సేకరించిన ఆధారంలో ఏది పరిశోధ్యాంశమో దాన్నే సాధనం ‘తప్పు’గా భావించి తీసేస్తోంది. పాటలో అయితే లయ కోసం సాగదీసిన అచ్చులు, ఊతపదాలు, పల్లవి పునరుక్తులు కూడా పోతాయి.

ఇంకొక ప్రశ్న అనుమతిది. పాడినవారు, కథ చెప్పినవారు మనకు ఇచ్చిన సమ్మతి మన పరిశోధన వరకే. వారి గొంతును ఏదో ఒక సంస్థ సర్వరులోకి ఎక్కించే ముందు ఆ సంగతి వారికి చెబుతున్నామా? కుల పురాణాలు, ఆశ్రిత కులాల వారి కథాగానాలు వారి వృత్తిహక్కుతో ముడిపడి ఉన్నాయి. అచ్చు వేయడానికే అంగీకరించని బృందాలు ఉన్నప్పుడు, ఎక్కడికి పోతుందో మనకే తెలియని చోటికి ఆ గానాన్ని పంపడానికి మనకేమి అధికారం ఉంది? రికార్డింగు ముందు తీసుకొనే సమ్మతి పత్రంలో ఈ విషయాన్ని తేటతెలుగులో, చదువురాని వారికి వినిపించదగిన మాటల్లో చేర్చడం ఇప్పుడే జరగవలసిన పని. ఇందుకు పై నుంచి ఉత్తర్వు రావాలని ఎదురుచూడనక్కరలేదు.

8. సాదృశ్య శాతం – పద్నాలుగు పదాల నియమం:

గ్రంథచౌర్య నివారణకు యుజిసి 2018లో తెచ్చిన నియమావళి సాదృశ్యాన్ని శాతాలుగా విభజించింది. 10 శాతం వరకు స్వల్పసాదృశ్యంగా భావించి చర్య లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అంటూ చర్యల స్థాయి పెరుగుతుంది. యాదృచ్ఛికంగా కలిసే పదాల విషయంలో వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది. ఈ 14 అన్న అంకెను తెలుగువారు ఎందుకు ప్రశ్నించలేదో అర్థం కాదు. ఆంగ్లంలో 14 పదాలంటే అందులో సగం విభక్తుల స్థానంలో వచ్చే చిన్నమాటలే. తెలుగులో విభక్తి పదంలోనే ఉంటుంది. సమాసం నాలుగు మాటలను ఒకటి చేస్తుంది. సంధి రెంటిని కలుపుతుంది. పండితశైలిలో 14 తెలుగు పదాల్లో ఒక ప్రతిపాదన, దాని హేతువు రెండూ ఇమిడిపోతాయి. అంటే ఒక విమర్శకుని మూలవాక్యాన్ని యథాతథంగా తీసుకున్నా అది ‘యాదృచ్ఛికం’ కిందకు రావచ్చు.

రెండో వైపు నుంచి చూస్తే, పదాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో ఏమార్చడం తేలిక. ‘రామాయణమందలి’ అన్నదాన్ని ‘రామాయణంలోని’ అని మారిస్తే, ‘చెప్పియున్నారు’ను ‘చెప్పారు’ అని మారిస్తే పదాలు కలవవు. ఈ పనిని భాషా నమూనా క్షణంలో పుట పొడవునా చేసిపెడుతుంది. సాదృశ్యం సున్నాకు దగ్గరవుతుంది. ఆలోచన మాత్రం పూర్తిగా మరొకరిది. అదే నియమావళి గ్రంథచౌర్యాన్ని నిర్వచిస్తూ ఇతరుల రచనతో పాటు ఇతరుల ఆలోచనను కూడా చేర్చింది. నిర్వచనం ఆలోచన గురించి, కొలత పదాల గురించి. ఈ రెంటి మధ్య ఖాళీ ఎప్పుడూ ఉన్నదే; ఇప్పుడు అందులోంచి బండ్లు వెళుతున్నాయి.

‘యంత్రం రాసిందా’ అని తేల్చే సాధనాలు ఈ ఖాళీని పూడ్చలేవు. ఓపెన్ ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన అటువంటి సాధనాన్ని తగినంత కచ్చితత్వం లేదంటూ అదే ఏడాది జూలైలో ఉపసంహరించింది. ఆంగ్లం మాతృభాష కానివారు రాసిన పరీక్షావ్యాసాల్లో సగానికి పైగా వాటిని యంత్రరచనలుగా ఈ రకం సాధనాలు పొరబడినట్లు 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. ఆంగ్లంలోనే ఇలా ఉంటే, తెలుగు సిద్ధాంత గ్రంథం మీద అలాంటి సాధనం ఇచ్చిన అంకెను బట్టి ఒక విద్యార్థి మూడు నాలుగేళ్ళ శ్రమను అనుమానించడం అన్యాయం.

9. పర్యవేక్షకుల బాధ్యత:

పరిశోధన నైతికతపై పనిచేసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ సాధనాన్ని రచయితగా పేర్కొనరాదని, వాడినట్లయితే ఎలా వాడారో వెల్లడించాలని స్పష్టం చేసింది. మన పత్రికలు, శాఖలు ఈ వెల్లడిని కోరవచ్చు. అయితే ‘భాషా సవరణకు ఏఐ సాధనాన్ని ఉపయోగించాను’ అనే ఒక్క వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. అది కృతజ్ఞతల పుటలో మరో పేరు చేర్చినట్లే ఉంటుంది.

2022 నాటి యుజిసి నియమాలు సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు వ్యాసప్రచురణ తప్పనిసరి అన్న నిబంధనను తొలగించాయి. వ్యాసం ఎక్కడో ఒకచోట అచ్చవ్వాలన్న ఒత్తిడి విద్యార్థి మీద ఆ మేరకు తగ్గింది. కానీ పదోన్నతుల కోసం అధ్యాపకుల మీద ఆ ఒత్తిడి అలాగే ఉంది. ఏడాదికి ఇన్ని వ్యాసాలు అన్న లెక్కలో నడిచే పర్యవేక్షకుడు, తన విద్యార్థికి నిదానంగా చదవమని చెప్పడంలో ఉన్న ఇబ్బంది మనందరికీ తెలిసిందే. ఈ విషయంలో విద్యార్థులను మాత్రమే బోనులో నిలబెట్టే సదస్సులు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

చేయదగిన పని ఒకటి చిన్నదే ఉంది. సిద్ధాంత గ్రంథానికి ఒక అనుబంధం చేర్చాలి. ప్రధాన ఆకరాల్లో ప్రతి ఒక్కదాన్ని పరిశోధకుడు ఎక్కడ చూశాడో – ఏ గ్రంథాలయం, ఏ ముద్రణ, ముద్రిత ప్రతియా, అంతర్జాలంలోని ఛాయాప్రతియా, లేక మరొకరి గ్రంథంలో ఉదాహరించిన భాగం మాత్రమేనా – అందులో రాయాలి. అక్షరీకరణకు, అనువాదానికి, రికార్డింగులను రాసుకోవడానికి ఏ సాధనం వాడారో, ఆ ఫలితాన్ని మూలంతో ఎన్ని పుటల మేర సరిచూశారో అక్కడే చెప్పాలి. క్షేత్ర పరిశోధన అయితే మొదటి రాతను, సవరించిన రాతను రెంటినీ భద్రపరచాలి. ఇందుకు అదనంగా పట్టేది రెండు మూడు పుటలు. మౌఖిక పరీక్షనాడు పరీక్షకుడు ఆ అనుబంధంలో ఏదో ఒక పంక్తి మీద వేలుపెట్టి, ఈ పుస్తకం మీరు చూసిన ప్రతిలో పీఠిక ఎవరిది, ఇందులో మీతో విభేదించే మాట ఏ పుటలో ఉంది అని అడగవచ్చు.